పాప చూసేదాకా ఆగండి

తెనాలిలో రైలు పట్టాలకు రెండు వీధుల ఇవతల, ఒక పాత డాబా ఇంటి వసారాలో చాప మీద కూర్చున్నారు మీరు. పొద్దున్న ఏడు దాటింది. ఎదురుగా ఒక తల్లి, ఆమె ఒళ్ళో 13 నెలల కూతురు. తల్లి చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. మూత తీస్తే లోపల సిలికా జెల్ పూసల మీద రెండు చెవి మిషన్లు. రాత్రంతా అందులో ఉంటే, పగటి చెమటకు పట్టిన తడి ఆరిపోతుంది. ఆమె కొత్త బ్యాటరీ మీది స్టిక్కరు పీకుతుంది. వెంటనే బిగించదు, ఒక నిమిషం అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుంది. గాలి లోపలికి పోతేనే ఆ బ్యాటరీ పనిచేస్తుంది. పాత బ్యాటరీని కొంగున ముడి వేసుకుంటుంది. ఆ చిన్న బిళ్ళ పాప మింగిందంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు మిషన్ చివరి మోల్డ్‌ని, అంటే చెవి ఆకారానికి చేయించిన అచ్చును, చెవిలోకి తిప్పి కూర్చోబెట్టాలి. పాప తల విదిలిస్తుంది. కుడి చెవికి పెట్టి ఎడమ వైపు తిరిగేలోగా కుడిది పీకి చాప మీద పారేస్తుంది. తల్లి కసరదు. తీసి మళ్ళీ పెడుతుంది. ‘కీ’మని సన్నటి కూత మీ చెవిన పడుతుంది. మోల్డ్ పక్కనుంచి బయటికి కారిన శబ్దం మళ్ళీ మిషన్ మైకులోకే దూరితే వచ్చే కూత అది. మోల్డ్ వదులైందన్నమాట. ఈ వయసులో చెవి ఎంత తొందరగా పెరుగుతుందంటే, నాలుగు నెలల కిందట కొలత ఇచ్చి చేయించినది అప్పుడే సరిపోవడం లేదు.

“గుంటూరు వెళ్ళాక అడగాలి, కొత్తది చేయమని,” అంటుంది ఆమె, మీతోనో తనతోనో తెలియకుండా.

మిషన్లు నిలిచాక పాపను నాయనమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, తాను వెనక్కి వెళుతుంది. పెదవులు పాపకు కనపడకూడదు. ఒక్కో శబ్దమే అంటుంది, మధ్యలో ఆగుతూ. ఆ. ఊ. ఈ. మ్. ష్. స్. డేనియల్ లింగ్ అనే నిపుణుడు వాడుకలోకి తెచ్చిన పరీక్ష ఇది. ‘మ్’, ‘ఊ’ మాటల్లోని కింది స్థాయి శబ్దాలు, ‘ష్’, ‘స్’ పైస్థాయివి. ఈ ఆరూ అందితే మనిషి మాటలో ఉండే శబ్దాలు దాదాపు అన్నీ అందుతున్నట్టే లెక్క. ‘ఆ’ అనగానే పాప చేతిలో చెంచా ఆగుతుంది. ‘ఊ’కు కళ్ళు పెద్దవవుతాయి. ‘ష్’ దగ్గర ఏదో సందేహం. ‘స్’కు ఏమీ లేదు. చెంచా మళ్ళీ నేలకేసి కొట్టడం మొదలుపెడుతుంది. తల్లి నోటుబుక్కులో తేదీ రాసి, ఐదింటికి టిక్కు, ఒకదానికి సున్నా పెడుతుంది.

అప్పుడే చెన్నై వైపు నుంచి ఒక గూడ్సు బండి వస్తుంది. వసారా నేల సన్నగా అదురుతుంది. పాప గబుక్కున చేతులు నేలకు ఆనించి చుట్టూ చూస్తుంది. “చూశారా? బండి వస్తే తెలుసు దీనికి,” అంటుంది నాయనమ్మ మీ వైపు తిరిగి. ఎనిమిది నెలలు ఇంట్లో ఎవరికీ అనుమానం రాకపోవడానికి సగం కారణం ఈ నేలే. పళ్ళెం పడేస్తే పాప ఉలిక్కిపడేది. తలుపు వేస్తే కళ్ళార్పేది. అదురు తగిలి ఒకటి, గాలి తగిలి ఒకటి. పైగా మూడో నెలలో అందరి పిల్లల్లాగే ఉంగాలు కొట్టింది. చెవుడుతో పుట్టిన పిల్లలూ మొదటి నెలల్లో ఉంగాలు కొడతారు, నవ్వుతారు, అరుస్తారు. ‘బాబాబా’, ‘దాదాదా’ అంటూ అక్షరాలు పేర్చే దశ దగ్గరే వెనకబడతారు. ఆ దశ రాకపోతే మన ఇళ్ళలో చెప్పుకునే మాట ఉండనే ఉంది. “వీళ్ళ నాన్నకూ మూడేళ్ళకు గాని మాట రాలేదు.” వస కొమ్ము అరగదీసి నాలుకకు రాశారు. ఇంకో రెండు నెలలు చూశారు.

ఇడ్లీ తినిపించే వేళకు మీరూ వాళ్ళ వెంట పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళండి. ఈ పూట చూడాల్సింది ఇక్కడే ఉంది.

పాప గడప మీద, తల్లి వెనక పీట మీద. గోడ మీద కాకి వాలింది. పాప చూపు దాని మీదికి పోయింది, ఒళ్ళంతా ముందుకు వంగింది. “కాకి! కాకి వచ్చిందమ్మా, కాకి నల్లగా ఉంది కదూ, కావ్ కావ్ అంటోంది,” అంటుంది తల్లి. మంచి మాటలే, తగిన సమయంలోనే. కానీ అవన్నీ పాప వీపు మీద పడిపోతున్నాయి. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, మిషన్‌లోకి ఎక్కువగా దూరేది ఆ మోతే. తల్లికి తోస్తుంది, పాప వినలేదని. గడ్డం పట్టుకుని ముఖాన్ని తన వైపు తిప్పుతుంది. పాప ముఖం తిరిగింది గాని కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి కాకి లేదు. తల్లి పెదాలు ఇంకా కదులుతున్నాయి, కాకి గురించే. పాపకు అక్కడ కనపడుతున్నది ఇడ్లీ ముక్క.

చెవులు వినే పిల్లకు ఈ చిక్కు లేదు. కళ్ళు కాకి మీద, చెవులు అమ్మ మీద. చూస్తున్నదానికీ వింటున్నదానికీ ముడి దానంతట అదే పడుతుంది. రోజుకు ఎన్ని వందలసార్లు అలా పడుతుందో లెక్కపెట్టేవాళ్ళు లేరు. ఈ పాపకు వస్తువూ మాటా రెండూ ఒకే దారిలో, కళ్ళ దారిలో రావాలి. ముందు కాకిని చూడాలి, తరవాత అమ్మ వైపు తిరగాలి, అమ్మ చెప్పింది చూడాలి, మళ్ళీ కాకి వైపు పోవాలి. ఇన్ని మలుపులకు కాకి ఆగదు. అమ్మ ఆగాలి. అలా ఆగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆమె పెరిగిన ఇంట్లో అలా ఆగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. చెవుడుతో పుట్టే పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినే తల్లిదండ్రులకే పుడతారు.

గుంటూరు బస్సులో కిటికీ పక్కన పాప, నడుమ తల్లి, ఈ చివర మీరు. ఆమె తన కథ చెబుతుంది. గొంతు తగ్గించి, ఎందుకంటే ముందు సీట్లో తెలిసినవాళ్ళున్నారు. మేనరికం. మేనమామ కొడుకునే చేసుకుంది. ఆడబిడ్డ ఒకామె ముఖం మీదే అనేసిందట, మీ వైపు నుంచే వచ్చిందని. పుట్టు చెవుడు తెచ్చే జన్యువుల్లో ప్రపంచమంతా ఎక్కువగా కనిపించేది జీజేబీ2. దాని చెడిన నకలు ఒక్కటే ఉన్నవాళ్ళు అందరిలాగే వింటారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి బిడ్డలో రెండూ కలిస్తేనే చెవుడు. దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళలో అలా కలిసే అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ ఇద్దరూ ఇస్తేనే వచ్చేదానికి ఒక్క తల్లిని నిలబెట్టి నిందించడం అన్యాయం, ఆ నిందతో కుంగిన మనిషి బిడ్డ ముఖంలోకి తేటగా చూడలేదు. ఆ రకంగా నష్టపోయేది మళ్ళీ పాపే.

పుట్టిన వారంలోనే ఇది తెలిసి ఉండేది. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి సన్నటి టక్‌టక్‌లు పంపితే, బాగున్న చెవి లోపలి నుంచి తిరిగి ఒక శబ్దం పంపుతుంది. 1978లో డేవిడ్ కెంప్ ఈ సంగతి కనిపెట్టాడు. నొప్పి లేదు, కొన్ని నిమిషాల పని. తేడా అనిపిస్తే, శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందా అని చూసే బేరా పరీక్షతో ఖాయం చేసుకోవచ్చు. మొదటి నెల లోపు పరీక్ష, మూడో నెల లోపు నిర్ధారణ, ఆరో నెల లోపు సాయం మొదలు, ఇదీ నిపుణులు పెట్టుకున్న గడువు. ఆ ఆరు నెలల గీత ఎందుకంటే, అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యొషినాగా ఇటానో బృందం 1998లో ప్రచురించిన పరిశీలనలో, ఆరు నెలల లోపు గుర్తించిన పిల్లలు ఆ తరవాత గుర్తించిన పిల్లలకంటే భాషలో స్పష్టంగా ముందున్నారు. చెవుడు కొంచెమా పూర్తిగానా అన్న తేడా లేదు, నోటి మాట నేర్పారా చేతి భాష నేర్పారా అన్న తేడా లేదు. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూడాల్సిన లోపాల జాబితాలో పుట్టు చెవుడు ఉంది. ఆ జాబితా ప్రతి కాన్పు వార్డు దాకా చేరాలి. ఈ బస్సులో ఈ తల్లి పక్కన కూర్చుంటే ఆ మాట నెమ్మదిగా అనబుద్ధి కాదు.

గుంటూరులో థెరపీ గది చిన్నది. నేల మీద రబ్బరు చాప, గోడలకు మందపాటి కర్టెన్లు, ఫ్యాను ఆపేసి ఉంది. చెమట పడుతుంది, ఓర్చుకోండి. ఫ్యాను మోత కూడా మిషన్‌లోకే పోతుంది.

“ఇవాళ మీరేం నేర్పొద్దమ్మా,” అంటుంది థెరపీ చెప్పే మేడమ్. “పాప ఏం చూస్తే అది చూడండి. అంతే.”

పాప ఎర్ర గిన్నె తీసుకుంది. తల్లి వెంటనే నీలం గిన్నె అందుకుంది. “ఇదేం రంగు? నీలం. నీలం అను.” మేడమ్ ఆమె మోచేతి మీద మెల్లగా చెయ్యి వేసింది. తల్లి ఆగింది. పాప ఎర్ర గిన్నెను బోర్లించి తట్టింది, తిప్పింది, నాకింది. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. మీకే ఇబ్బందిగా ఉంది, ఎవరైనా ఏమైనా అంటే బాగుండనిపిస్తోంది. ఆ తొందరే తల్లి చేత కూడా మాట్లాడిస్తుంది. ఇంకొంచెం ఓపిక పట్టండి. పాప గిన్నెను ఇంకోసారి తట్టింది, తల ఎత్తి అమ్మ ముఖంలోకి చూసింది.

“ఇప్పుడు!”

తల్లి ఎర్ర గిన్నెనే తన గడ్డం దగ్గరికి తీసుకొచ్చి, కనుబొమలెత్తి, “గిన్నె!” అంది. పాపకు గిన్నే, పెదాలూ, ముఖంలో సంబరమూ ఒకే చోట కనపడ్డాయి. గొంతు అరగజం దూరంలో ఉంది కాబట్టి మిషన్‌కూ బలంగా అందింది. దూరం సగానికి తగ్గితే శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుందని మేడమ్ ముందే చెప్పింది. పాప గిన్నె వైపు చెయ్యి చాపింది. తల్లి ఇచ్చింది. పాప తట్టింది. ఈసారి అంతసేపు పట్టలేదు, వెంటనే తలెత్తింది. మళ్ళీ “గిన్నె!” ఇలా ఆరేడు సార్లు. చివరిసారి పాప గిన్నెను తానే తీసుకెళ్ళి అమ్మ గడ్డానికి ఆనించి, ముఖంలోకి చూస్తూ నిలబడింది. నోట మాట లేదు. కానీ అది అడగడం. మీ కళ్ళ ముందే ఒక వంతు ఇటు, ఒక వంతు అటు నడిచింది. భాష మొదలయ్యేది అక్కడే.

ఇలా తల్లికే నేర్పడం కొత్త సంగతి కాదు. 1924లో పుట్టిన జాన్ ట్రేసీ అనే పిల్లవాడికి పది నెలలున్నప్పుడు, తలుపు ధడాలున పడినా నిద్ర లేవకపోవడంతో తల్లి లూయీజ్‌కు సంగతి తెలిసింది. హాలీవుడ్ నటుడు స్పెన్సర్ ట్రేసీ భార్య ఆమె. 1942లో లాస్ ఏంజెలిస్‌లో ఆమె పెట్టిన క్లినిక్‌లో పాఠాలు ప్రధానంగా తల్లిదండ్రులకే, అదీ ఉచితంగా. రాలేనివాళ్ళకు పోస్టులో పంపేవారు. చెన్నైలో 1969లో మొదలైన చెవిటి పిల్లల బడి బాలవిద్యాలయలో కూడా పిల్లతోపాటు తల్లి వచ్చి కూర్చోవాల్సిందే. వారానికి గంటసేపు గిన్నె చూపించే మనిషికంటే, రోజుకు పది గంటలు గిన్నెలు తోమే మనిషికి నేర్పడమే సరైన పని అని వీళ్ళకు ఎప్పుడో అర్థమైంది.

గది బయటికొచ్చాక మేడమ్ ఒక అడ్రసు రాసిస్తుంది. అదే ఊళ్ళో, నాలుగు వీధుల అవతల. కుట్టు పని చేసే దంపతులు, ఇద్దరికీ చెవులు వినపడవు, వాళ్ళ 11 నెలల బాబుకూ అంతే. “ఒక గంట కూర్చుని చూసి రండి,” అంటుంది.

తలుపు పక్కన స్విచ్చు నొక్కితే లోపల బల్బు మినుకుతుంది, కాలింగ్ బెల్ బదులు. తలుపు తీసిన ఆమె నవ్వి, తన ముక్కుపుడక దగ్గర చూపుడు వేలు ఆనించి ప్రశ్నగా కనుబొమలెత్తుతుంది. అమ్మవా? తల్లి తలూపుతుంది. మిగిలిన మాటలు ఫోన్‌లో తెలుగులో టైపు చేసి చూపించుకుంటారు.

మీరు గోడకానుకుని కూర్చుని ఆ ఇంటి తల్లినే చూడండి. బాబు చక్రాల బండితో ఆడుతున్నాడు, ఆమె వైపు వీపు. ఆమె పిలవదు, గడ్డం పట్టుకుని తిప్పదు. అరచేత్తో నేల మీద రెండు దెబ్బలు వేస్తుంది. అదురు చేరి వాడు తిరుగుతాడు. ఇంకోసారి తొడ మీద వేళ్ళతో తడుతుంది. మరోసారి వాడు అసలు తిరగడు. అప్పుడు ఆమే ముందుకు వంగి, వాడి చూపు ఉన్నచోటికి, బండి పక్కనే తన చేతులు తీసుకెళ్ళి సైగ చేస్తుంది. ఇంకోసారి ‘తిను’ అన్న సైగను తన నోటి దగ్గర కాకుండా వాడి నోటి దగ్గరే చేస్తుంది, ముడిచిన వేళ్ళు వాడి పెదాలకు తగిలేలా. సైగలన్నీ పెద్దవి, నెమ్మదైనవి, మళ్ళీ మళ్ళీ చేసినవి. ముఖమంతా కదులుతుంది. వినే తల్లి పసిబిడ్డతో గొంతు సాగదీసి ముద్దుముద్దుగా మాట్లాడుతుందే, ఇక్కడ ఆ ముద్దు చేతుల్లో ఉంది. అన్నిటికంటే ముఖ్యం, వాడు చూడనంతసేపు ఆమె చేతులు ఒళ్ళో ఉంటాయి. ఖాళీగా కూర్చున్నట్టుంటుంది. ఎదురుచూస్తోంది.

బాబు బండి వదిలేసి తన చేతులకేసి చూసుకుంటూ పిడికిలి ముడుస్తాడు, విప్పుతాడు, ముడుస్తాడు, ఒక తాళంలో. ఏదో ఆట అనుకుంటారు మీరు. 1991లో లారా ఆన్ పెటిటో, పౌలా మారెంటెట్ ‘సైన్స్’ పత్రికలో దీని గురించే రాశారు. చేతి భాష చూస్తూ పెరిగే చెవిటి పిల్లలు, వినే పిల్లలు ‘బాబాబా’ అనే వయసులోనే చేతులతో అక్షరాలు పేరుస్తారని. మెదడుకు కావలసింది భాష. అది ఏ దారిలో వచ్చినా పట్టుకుంటుంది.

ఇక్కడ గొంతు తగ్గించాల్సిన పని లేదు, తల్లి మామూలుగానే అడుగుతుంది: “చేతులు నేర్పితే మాట రాదంటారు కదండీ?”

ఈ భయానికి వయసెక్కువ. 1880లో ఇటలీలోని మిలాన్‌లో చెవిటి పిల్లల ఉపాధ్యాయుల మహాసభ, బడుల్లో చేతి భాష వద్దని తీర్మానించింది. ఎన్నో దేశాల్లో తరాల తరబడి పిల్లలు ఆ తీర్మానం కింద నలిగారు. 2010లో వాంకూవర్ మహాసభ దాన్ని తిరస్కరించి విచారం ప్రకటించింది. నా మట్టుకు నాకు సందేహం లేదు. మిషన్ పెట్టండి, డాక్టరు చెబితే కాక్లియర్ ఇంప్లాంటూ చేయించండి, రోజూ ఆరు శబ్దాలూ పలకండి. కానీ అవి పని చేస్తాయో లేదో తేలేదాకా పాపను భాష లేకుండా ఉంచకండి. పుట్టిన తరవాతి ఆ మొదటి సంవత్సరాలు పోతే మళ్ళీ రావు. ఇంప్లాంటు తరవాత కూడా తొలి రోజున పాపకు వినపడేది మాటలు కాదు, కొత్త శబ్దాలు. వాటిని మాటలు చేసేది మళ్ళీ ఇంటి మనుషులే. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలో 2015లో కేంద్ర సంస్థ వచ్చింది, అది వేసిన నిఘంటువులో 2021 నాటికి 10,000 మాటలు చేరాయి. ఈ ఇల్లాలు అవన్నీ ఇవాళే నేర్చుకోనక్కర్లేదు. తిను, పాలు, ఇంకా, అమ్మ, తాత. ఇవాళ్టికి ఐదు చాలు. కుట్టు మిషన్ ముందు కూర్చునే ఆ తల్లి ఐదూ చేయించి, తప్పులు దిద్ది, చివరికి ఆమె వేళ్ళు పట్టుకుని సరిగ్గా మడిచి పంపింది.

తెనాలి చేరేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో కరెంటు లేదు. నాయనమ్మ కొవ్వొత్తి తెచ్చి పాప పక్కన పెట్టబోతుంది. “అక్కడొద్దు అత్తయ్యా, నా ముఖం మీద పడేలా పెట్టండి,” అంటుంది కోడలు. చీకట్లో ఉన్నది పాప అయితే, వెలుతురు కావలసింది మాట్లాడేవాళ్ళ ముఖానికి. నాయనమ్మ ఒక క్షణం ఆలోచించి, కొవ్వొత్తిని మంచం కోడు దగ్గరికి జరుపుతుంది. కాసేపటికి తానే ఆ వెలుతురులోకి జరిగి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని దోబూచి మొదలుపెడుతుంది. కొంగు తీస్తే పాప పక్కుమంటుంది. వేస్తే ఆగి చూస్తుంది. తీస్తే మళ్ళీ పక్కుమంటుంది. పొద్దున్న మేడమ్ గదిలో నేర్పిన వంతులు ఈ పెద్దావిడకు ఎప్పుడో వచ్చు.

గేటు చప్పుడైంది. తాతయ్య వచ్చాడు. కోడలు నేల మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. పాప తిరిగింది. కోడలు పైపెదవి మీద మీసం దువ్వినట్టు చూపించి, గుమ్మం వైపు వేలు పెట్టింది. పాప గుమ్మం కేసి చూసింది. తాతయ్యను చూసింది. అమ్మ వైపు తిరిగింది. అందరూ ఆగారు, మీరు కూడా. పాప చెయ్యెత్తి, వేళ్ళన్నీ విప్పి, ముక్కుకూ నోటికీ మధ్య ఎక్కడో టపటపా కొట్టుకుంది.

“తాత అంది!” అన్నాడు ముసలాయన గుమ్మంలోనే చెప్పులు వదలకుండా.

“ముక్కు మీద కదండీ పెట్టింది, అమ్మ అంది అది,” అంది నాయనమ్మ.

“ఆకలేస్తోందేమో, నోటి దగ్గర కూడా పెట్టింది,” అంది కోడలు. “ఏదైనా సరే మామయ్యా, అది మీ వైపే చూస్తోంది. ముందు జవాబు చెప్పండి.”

ఆయన చేతి సంచీ గోడకానించి, కొవ్వొత్తి దగ్గరికొచ్చి గొంతుక్కూర్చుని, మీసం దువ్వాడు.